మూతి బిగించిన కాయ

ఫిబ్రవరి 12

ఒక్క సూదిమందు వెయ్యడం చేతకాకపోయినా పేరు ముందు డాక్టరు తగిలించుకున్న మా మరదలికి,

బావ దీవెనలు. ఎదురుగా తిడితే సగం తిట్లు గాలికి పోతాయి. ఉత్తరంలో తిడితే దాచుకుని మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. నీ మేలు కోరే రాస్తున్నాను.

నువ్వు పంపిన పార్సిలు అందింది. అయిదు సంచుల్లో నువ్వులు. ఒక సంచి మీద ‘ఏమీ చెయ్యనివి’ అని రాశావు. అంటే మిగతా వాటిని ఏదో చేశావన్నమాట. మూడింటికి కిరణాలు పెట్టించావట: కొంచెం, మధ్యరకం, బాగా ఎక్కువ. ఇంకోదాన్ని ఏదో మందునీళ్ళలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టావట. “గింజలకి ఎముకలు విరిగాయా, ఎక్స్‌రే తీయించింది?” అని మీ అక్కని అడిగాను. నవ్వలేదు. పెళ్ళయిన కొత్తలో దీనికంటే చచ్చు జోకులకి కూడా నవ్వేది.

నా పనేమిటో నీకు తెలుసనుకుంటాను. తెలియకపోతే తెలుసుకో, చదువుకున్నదానివి. నేను విత్తనాల కోసం పంట వేస్తాను. చేలో ఎన్ని మొక్కలున్నా అన్నీ ఒక్క తల్లి కవలల్లా ఉండాలి. ఒకటి పొడుగు సాగినా, ఒకదాని ఆకు వంకర తిరిగినా దాన్ని మేము కేళీ అంటాం. కేళీ కనబడితే వేళ్ళతో సహా పీకి గట్టు మీద పారేస్తాం. కేళీలు లేని చేనుకే తనిఖీ ఆయన ముద్ర వేస్తాడు. ముద్ర పడితేనే అది విత్తనం, లేకపోతే నూనె మిల్లుకి పోయే సరుకు. ఇరవై ఏళ్ళుగా నా చేతికొచ్చిన విద్య అదొక్కటే. అలాంటివాడికి పనిగట్టుకుని కేళీలు పుట్టించే గింజలు పంపి, పెంచమంటావా? క్షవరం చేసేవాడి దగ్గరికి పోయి జడ వెయ్యమన్నట్టుంది.

అయినా అంత పెద్ద ఆఫీసు, అన్ని అద్దాల గదులు, మీ పెద్దసారు నీకు చారెడు నేల ఇవ్వలేకపోయాడా? అడుక్కునేవాడి దగ్గర గీక్కునేవాడిలా నా దగ్గరికొచ్చావు.

సరే, చివరి మడి నీకు వదిలాను. దానికీ నా చేనుకీ మధ్య జొన్న దట్టంగా వేస్తున్నాను, నీ జబ్బు నా మొక్కలకి అంటకుండా.

ఇట్లు,
పదో తరగతి మూడుసార్లు చదివి నీకంటే మూడింతలు నేర్చుకున్న
నీ బావ


ఫిబ్రవరి 21

బావా,

మూడుసార్లు చదివినా అది నీకు అర్థం కాలేదని అక్క ఎప్పుడో చెప్పింది. అందుకే నెమ్మదిగా రాస్తున్నాను. నెమ్మదిగా చదువు.

నువ్వుల కాయ పండి ఎండగానే నోరు తెరుస్తుంది. కోత ఒక్కరోజు ఆలస్యమైతే సగం గింజ నేలపాలు. ఆ ఏడుపు నీకు తెలిసినంత నాకు తెలియదు. ఎండినా నోరు తెరవని కాయ కావాలి నాకు. అలాంటి మొక్క మా దగ్గర ఎక్కడా లేదు. లేనిదాన్ని పుట్టించాలి.

గింజ లోపల, మొక్క ఎలా పెరగాలో చెప్పే సన్నటి పోగు ఉంటుంది. కిరణాలు దాన్ని అక్కడక్కడ తెంపుతాయి. మందు అలా తెంపదు, పోగులో ఎక్కడో ఒక చిన్న ముక్కని మార్చి ఊరుకుంటుంది. తెగిన పోగుని గింజ తనే అతికించుకుంటుంది, ఒక్కోసారి తప్పుగా అతికిస్తుంది. ఆ తప్పుల్లో దాదాపు అన్నీ పనికిమాలినవే. ఎక్కడో ఒక్క తప్పు మనకి పనికొస్తుంది. నేను వెతికేది దాన్నే.

మోతాదు పెరిగిన కొద్దీ మొలిచేవి తగ్గుతాయి. మొలిచినవి కూడా ఆలస్యంగా, పొట్టిగా వస్తాయి. కంగారుపడకు. ఈ మొదటి పంటలో కనబడేదంతా దెబ్బ. అసలు మార్పు బయటపడేది రెండో పంటలో. అందుకని ప్రతి మొక్క గింజలనూ విడివిడిగా కాగితం కవర్లలో దాచాలి. ఏ మొక్కనీ పీకకూడదు. నువ్వు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను: పీకకూడదు.

నేల సంగతి అడిగావు. “పిచ్చి మొక్కల కోసం మంచి నేల పాడుచెయ్యను” అని కమిటీలో అందరి ముందూ అన్నారు పెద్దసారు. సెప్టెంబరు ఆఖర్లో కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. అప్పటికి నోరు తెరవని మొక్క ఒక్కటి చూపించకపోతే ఈ పని మూసేస్తారు. నన్ను విత్తనాల పరీక్ష కౌంటరులో కూర్చోబెడతారు, వచ్చినవాళ్ళకి రసీదులు రాస్తూ. నా వయసులో సగం ఈ పనికే పోసేశాను బావా. నవ్వాలనుంటే ఈ ఉత్తరం దగ్గర నవ్వు. చేలో మాత్రం చెప్పింది చెయ్యి.

మరదలు


మార్చి 18

కాబోయే కౌంటరమ్మకు,

మొలకల రిపోర్టు రాసుకో.

‘ఏమీ చెయ్యనివి’ మడి నిండా మొలిచాయి, బడి మొహం చూడని పిల్లల్లా హాయిగా ఉన్నాయి. కొంచెం కిరణాలు తగిలినవీ ఇంచుమించు అంతే. మధ్యరకంలో సగానికి సగం లేవనే లేదు. బాగా ఎక్కువ పెట్టించినవి మా వీధి చివర ముసలి కంపౌండరు నోట్లో పళ్ళలా అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్నాయి. అవీ ఆలస్యంగా లేచాయి. పక్కవి జానెడు ఎదిగితే ఇవి ఇంకా బొటనవేలంత. ఆకులు ముడతలు, వాటి మీద తెల్ల మచ్చలు. మందునీళ్ళలో నానినవి ఇంకో తమాషా. మొలిచాయి గాని ఏ రెండూ ఒక్క ఎత్తున లేవు. ఇంత కష్టపడి గింజల్ని చంపడానికి నీకు జీతం కూడా ఇస్తున్నారా? మా ఇంట్లో ఎలకలు ఊరికే చేస్తాయి ఆ పని.

పక్క చేను మామ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. “ఏం మొక్కలయ్యా ఇవి, జ్వరం పడి లేచినట్టున్నాయి?”

“కరెంటు నువ్వులు మామా. నూనె తీసి సీసాలో పోసి గోడకి తగిలిస్తే చాలు, గదంతా వెలుగే. బుడ్డీ అక్కర్లేదు, వత్తి అక్కర్లేదు” అన్నాను.

“మరి ఆర్పడం ఎలా?”

“గుడ్డ కప్పాలి.”

నమ్మాడు. సాయంత్రానికి వాళ్ళావిడ వచ్చి మీ అక్క చేతిలో ఖాళీ సీసా పెట్టి, “మాకు మొదటి బోణీ ఇవ్వాలి వదినా” అని చెప్పిపోయింది. చూశావా, నీ చదువు ఇన్నేళ్ళకీ చెయ్యలేని పని నా ఒక్క మాట చేసింది. నీ పంట మీద ఒకరికి నమ్మకం కలిగించింది.

అన్నట్టు, పీకొద్దు పీకొద్దు అని రెండుసార్లు రాశావు కదా, అందుకని ఒకటి పీకాను. ఊరికే, ఏం జరుగుతుందో చూద్దామని. ఏమీ జరగలేదు.

ఇట్లు,
పిచ్చి మొక్కల దాది,
బావ


మే 17

డాక్టరమ్మా,

కూర్చుని చదువుతుంటే లే. నిలబడి ఉంటే ఎగిరి గంతెయ్యి.

బాగా ఎక్కువ కిరణాలు పెట్టిన మడిలో ఒక మొక్క దొరికింది. మిగతావన్నీ ఎండి నోళ్ళు తెరుచుకుంటే ఇదొక్కటి, కోపమొచ్చినప్పుడు మీ అక్క ఉంటుందే, అలా మూతి బిగించుకుని నిలబడింది. కాయలు తెంపి డబ్బాలో పంపుతున్నాను. మీ పెద్దసారుకి చూపించు. ఆయన మూతి ఎలా ఉందో నాకు రాయి.

మిగతా మొక్కల గింజలన్నీ విడివిడిగానే కట్టాను. కవర్లు కొనలేదు. మీ అక్క పెట్టెలో నీ బడి నాటి పరీక్ష కాగితాలు దొరికితే చింపి పొట్లాలు కట్టాను. లెక్కల్లో నీకొచ్చిన మార్కులు చూసి గింజలు జడుసుకుంటే నా పూచీ లేదు.

ఇట్లు,
మీ ఆఫీసులో నా ఫోటో ఎక్కడ తగిలిస్తారో ముందే చెబితే మంచి చొక్కా కుట్టించుకోగల
బావ


మే 29

బావగారికి నమస్కారములు.

మీరు పంపిన డబ్బా పెద్దసారు గదిలో పదిమంది ముందు తెరిచాను. మొదటి పంటలోనే ఇలాంటిది కనబడటం చాలా అరుదు, అయినా అసాధ్యం కాదు అని నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. పెద్దసారు ఒక కాయ తీసి వెలుతురుకి పట్టారు. గోటితో గీకారు. బంక పెచ్చులా ఊడి వచ్చింది. కాయ టప్పున నోరు తెరిచి గింజలన్నీ ఆయన బల్ల మీద ఒలికాయి.

“అమ్మాయ్, ఇది కిరణాల పని కాదు, పోస్టాఫీసు పని” అన్నారు.

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏడవకుండా ఉండటానికి ఇంకో దారి కనబడక. ఇప్పుడు నడవలో నేను ఎదురైతే ‘బంకమ్మ’ అంటున్నారు. కాఫీ తెచ్చే మనిషి కూడా మూతి చేత్తో మూసుకుని నవ్వుతున్నాడు.

సెప్టెంబరు గడువు మాత్రం తీసెయ్యలేదు. దయతో కాదు, అప్పటికి ఇంకా బాగా నవ్వుకోవచ్చని. రెండో పంట గింజలు మీ దగ్గరున్నాయి, నాకు ఇంకో నేల లేదు. కనుక దయచేసి ఒక్కో పొట్లాన్ని ఒక్కో వరసగా విత్తించగలరు. వరసలు కలపవద్దు. ఏదీ పీకవద్దు. నాకు ఉత్తరాలు రాయవద్దు.

ఇట్లు,
మీ భార్యకు చెల్లెలు


జూన్ 26

మరదలా,

‘గారు’ని అయిపోయానన్నమాట. ‘నమస్కారములు’ అట! ఆ ముక్క చదివి మీ అక్క నా వైపు చూసిన చూపుకి నీ కిరణాలు చాలవు. ఆ రోజు నుంచి కంచం పెడుతోంది గాని మాట పెట్టడం లేదు.

నాకు తెలిసిన మరదలు డబ్బా తెరవగానే గీకి చూస్తుంది, నన్ను నాలుగు తిడుతుంది, నేను నవ్వుకుంటాను, అంతే అనుకున్నాను. చూసుకోకుండా సభలోకి పట్టుకుపోయినదానిది తప్పా, రవ్వంత బంక రాసినవాడిది తప్పా? సరే, రాసినవాడిదే. కానీ ఆ పెద్దసారెవడు మధ్యలో? నువ్వు గౌను వేసుకుని ముక్కు చీదే రోజుల నుంచి నిన్ను ఏడిపించే హక్కు నాది. వాడికెవడిచ్చాడు? నిన్ను ఏడిపించడానికి నేను చచ్చానా? ఆయన మొహం చూడకుండానే చెబుతాను, అలాంటివాడు మా చేలో ఉంటే మొదటి తనిఖీలోనే పీకేసేవాళ్ళం.

రాయొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. విత్తాను. పొట్లానికొక వరస. మొలకలు చూస్తే నవ్వొస్తోంది. కొన్ని వరసల్లో పచ్చటి పిల్లల మధ్య సున్నం కొట్టినట్టు తెల్లటివి లేచాయి. అలాగే పాలిపోయి నాలుగు రోజుల్లో చచ్చాయి. ఇంకొన్ని పసుపు రంగువి, అవీ ఎంతోకాలం ఉండేట్టు లేవు. ఒకదానికి కొమ్మే లేదు, ఒకటి అంతా కొమ్మలే. నా చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాను, వాటంతట అవే పీకేస్తాయేమోనని.

పక్క చేను మామ తెల్లవాటిని చూసి, “ఇవేనా వెలిగేవి?” అన్నాడు. ఊరికే తల ఊపాను. జోకు వెయ్యబుద్ధి కాలేదు. పెద్దవాణ్ణవుతున్నానేమో.

బావ


సెప్టెంబరు 6

మరదలా,

ఇందులో జోకు లేదు. పైకెత్తిన ఆ కనుబొమ దించి చదువు.

మందునీళ్ళలో నానినవాటి వరసల్లో ఒక మొక్క ఉంది. మోకాలెత్తు దాటలేదు. ఆకులు దోసిలి పట్టినట్టు లోపలికి ముడుచుకున్నాయి, కాండం మెలితిరిగింది. ఇంత అనాకారి మొక్కని నేను పుట్టి చూడలేదు. చుట్టుపక్కలవన్నీ ఎండి నోళ్ళు తెరిచి గింజలు రాల్చేస్తున్నాయి. ఇదీ గలగలా ఎండింది, కాయ మాత్రం తెరవలేదు. వంచి తలకిందులుగా దులిపాను. చెవి దగ్గర పెట్టి ఆడించాను. లోపల గింజలు చప్పుడు చేస్తున్నాయి, బయటికి ఒక్కటి రాలేదు. ఎండలో నేల మీద కూర్చుని రాలిన గింజలు ఊడ్చుకునే బతుకు నాది. ఆ మొక్క పక్కన కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

రెండు కాయలు పంపుతున్నాను. మిగతావి మొక్క మీదే ఉన్నాయి. బంక లేదు. మీ అక్క మీద ఒట్టు. నీ మీద వేస్తే నువ్వు నమ్మవు, నా మీద వేస్తే నేను పోయినా ఫరవాలేదనుకుంటావు.

ఒక చిక్కొచ్చింది. తనిఖీ ఆయన వచ్చాడు. ఎప్పుడూ కంటికి భూతద్దం పెట్టుకుని తిరుగుతాడని ఆయన్ని భూతద్దం అనే పిలుస్తాం. జొన్న దాటి నీ మడిలోకి కూడా దూరి ఈ మొక్క ముందు ఆగాడు. “ఇదేం దరిద్రమయ్యా? ఇలాంటి కేళీ పక్కన పెట్టుకుని ముద్ర అడుగుతావా? పదిహేనున మళ్ళీ వస్తాను. అప్పటికి ఇది ఉంటే నీ విత్తనాలు మిల్లుకే” అన్నాడు. నా ఏడాది పంటంతా ఆ ముద్ర కోసం ఆగి ఉంది. కాబట్టి త్వరగా జవాబు రాయి. ఏం చెయ్యమంటావు?

బావ


సెప్టెంబరు 12

బావగారికి,

ఈసారి ఖరీదైన బంక వాడినట్టున్నారు. పైగా ఒక తనిఖీ ఆయన, ఒక గడువు, ఎండలో కూర్చుని కన్నీళ్ళు, కథ కూడా బాగా అల్లారు. మా అక్క మీద ఒట్టు కూడా వేశారు, ఆవిడకి తెలుసో లేదో.

డబ్బా తెరవలేదు. తెరవను. కమిటీకి చూపించడానికి నా దగ్గరేమీ లేదని పెద్దసారుకి నిన్ననే చెప్పేశాను. బల్ల సర్దుకుంటున్నాను.

మీ కళాఖండాన్ని వేళ్ళతో సహా పీకి పొయ్యిలో పెట్టండి. మీ చేతికొచ్చిన విద్య అదొక్కటే కదా. జీవితంలో ఒక్కసారైనా నేను చెప్పింది చెయ్యండి.

మరదలు


సెప్టెంబరు 15

బావా,

పీకొద్దు.

బల్ల సొరుగు లాగితే నీ డబ్బా కింద పడి మూత ఊడింది. కాయల్ని బుట్టలో పారెయ్యబోయి, బంక ఏ రకమో తెలుసుకుని నిన్ను తిడదామని మరిగే నీళ్ళలో వేశాను. కరగలేదు. తీసి దీపం కింద ఎండబెట్టాను. నోరు తెరవలేదు. అప్పుడు బ్లేడుతో అడ్డంగా కోసి, పెద్దగా చూపించే అద్దం కింద చూశాను. కాయ చీలాల్సిన చోట గీతే లేదు బావా. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకటే గోడ. రెండోదీ అంతే. ఎంతసేపు చూశానో తెలియదు, మెడ పట్టేసింది.

ఆ రెండు కాయల గింజలూ వేడినీళ్ళలో నా చేతులారా ఉడకబెట్టుకున్నాను. అవి ఇక మొలవవు. మిగిలినవి మొక్క మీద ఉన్నవే. ఆ మొక్కని పీకి పొయ్యిలో పెట్టమని రాసిందీ నేనే.

శనివారం దాకా నాకు సెలవు ఇవ్వరట. ఈ ఉత్తరం మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఇన్నేళ్ళలో నా మాట ఒక్కటీ వినలేదు నువ్వు. ఈ ఒక్కసారే విని ఉంటే? ఏమైందో ఆ డ్రైవరు చేతికే జవాబు ఇవ్వు. నన్ను ఎంత తిట్టినా సరే, నిజం రాయి.

నీ మరదలు


సెప్టెంబరు 16

బుర్ర తప్ప అన్నీ ఉన్న మా మరదలికి,

డ్రైవరు ఇంజను ఆపకుండా హారన్ కొడుతున్నాడు, అందుకని తిట్లు తగ్గించి రాస్తున్నాను. మిగతావి శనివారం ముఖాముఖి.

నిజం రాయమన్నావు. నిన్న పొద్దున ఆ మొక్కని పీకుదామనే వెళ్ళాను. నీ దగ్గర్నుంచి జవాబు లేదు. భూతద్దం గట్టు మీద నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ముద్ర పెట్టె ఆయన సంచిలోంచి నన్ను చూస్తోంది. పోనీలే, పెద్దసార్లూ మరదళ్ళూ ఏమైతే నాకేం అనుకుని వంగి మొదలు పట్టుకున్నాను. మన్ను కదిలింది కూడా.

అప్పుడు మీ అక్క నీ పన్నెండో తేదీ ఉత్తరం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆయాసపడుతూ అక్కడే చదివింది. వేళ్ళతో సహా పీకి పొయ్యిలో పెట్టండి అని.

చెయ్యి వదిలేశాను.

“ఏమయ్యా, పీకవేం?” అన్నాడు భూతద్దం.

“మా మరదలు పీకమందండీ.”

“అయితే ఇంకేం, పీకు.”

“అది పీకమంటే నేను పీకడమా? మీరు పెళ్ళి చేసుకోలేదా, మీకు మరదళ్ళు లేరా?”

ఆయన మీ అక్క వైపు చూశాడు. మీ అక్క ఆకాశం వైపు చూసింది. ఆయన ముద్ర వెయ్యకుండా సైకిలెక్కి పోయాడు. ఈ ఏడు నా పంట మిల్లుకే. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. దాని మీద నువ్వు ఏడిస్తే ఊరుకోను. నా పంట, నా మొండితనం, నీకు సంబంధం లేదు.

కదిలిన మన్ను మళ్ళీ నొక్కాను. చుట్టూ ముళ్ళకంప పాతాను. ఇప్పటిదాకా ఒక్క గింజ రాలలేదు. నేను తెంపను, నువ్వే వచ్చి నీ చేత్తో తెంపుకో. మీ పెద్దసారుని కూడా తీసుకురా. ఒక కాయ ఇద్దాం, గోళ్ళు అరిగేదాకా గీక్కోమను.

మీ అక్క నిన్నటి నుంచి మాట్లాడుతోంది. ఆపడం లేదు.

ఒకటి మాత్రం తెలుసుకో, చదువుకున్నదానివి. ‘పీకొద్దు’ అని రాసిన నీ ఉత్తరం ముందు వచ్చి ఉంటే, ఆ మొక్క ఈపాటికి పొయ్యిలో ఉండేది.

బావ